కాల్ ముగిసింది, కాలు మానలేదు

(హనుమకొండలో మాజీ సైనికుల సంఘం జరిపిన వెటరన్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, జిల్లా అధికారులకు, మూడు సేనల్లో పనిచేసి వచ్చిన సహచరులకు, భోగి నాడు సకినాల పిండి పక్కన పెట్టి ఇంత దూరం వచ్చిన అక్కలకు, వదినలకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరుసగా చదవడం మన సభల ఆనవాయితీ కనుక కార్యదర్శి గారు ఆ పేర్ల కాగితం నా చేతికిచ్చారు. పెద్దలు మన్నించాలి, ఆ కాగితం నా జేబులోనే ఉంటుంది. నాకిచ్చింది పది నిమిషాలు, చెప్పుకోవలసింది అంతకు మించి ఉంది.

ఈ రోజు ప్రాముఖ్యం గురించి మాట్లాడమన్నారు. మన సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి అయిన కరియప్ప గారు 1953 జనవరి 14న పదవీ విరమణ చేశారు, అందుకే ఈ తేదీ మనది అయింది. ప్రాముఖ్యం అంతటితో పూర్తయింది. మిగిలిన సమయాన్ని నేను వచ్చే నెలలో మన సంఘం మళ్లీ సంతకం చేయబోతున్న టెలిమెడిసిన్, అంటే ఫోన్ వైద్యం, ఒప్పందం గురించి మాట్లాడడానికి వాడుకుంటాను. కిందటి ఒప్పందం మీద సంఘం తరఫున ముగ్గురం సంతకాలు పెట్టాం. అందులో ఒక సంతకం నాది.

మనకు 2003 ఏప్రిల్ 1 నుంచి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది. దేశమంతటా 400కు పైగా పాలిక్లినిక్‌లున్నాయి, వరంగల్‌లోనూ ఒకటి ఉంది. నగరంలో ఉండేవాళ్లకు అది పెద్ద అండ. ఏటూరునాగారం నుంచి రావాలంటే మాత్రం సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి, ములుగు దాటి, ఇక్కడ వరుసలో నిలబడి, డాక్టరును చూసి, మందుల కిటికీ దగ్గర మళ్లీ నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరే డెబ్బై అయిదేళ్ల మనిషికి, బీపీ గోలీల కోసం చేసిన ప్రయాణమే బీపీ పెంచుతుంది. ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడే ‘సెహత్’ సేవను రక్షణ శాఖ 2021 మే 27న ప్రారంభించింది. సర్వీసులో ఉన్నవారికీ, మనకూ, మన కుటుంబాలకూ అది ఉచితం. ఫోను వాడడం వచ్చినవాళ్లు దాన్ని తప్పక వాడుకోవాలి. అది రానివాళ్ల కోసం, చేయి పట్టి నడిపించే సేవ మన పల్లెలకు ఉండాలని తలచి, విరాళాలు పోగుచేసి, ఒక ప్రైవేటు కంపెనీతో ఏడాదికి ఒప్పందం చేసుకున్నాం. ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అంటాను. కాగితం రాసుకోవడంలోనే తప్పు చేశాం.

మూడు కొటేషన్లు తెప్పించాం. ఒకరు ప్రతి మండలానికీ ఒక నర్సును పెడతామన్నారు, వాళ్ల రేటు ఎక్కువ. ఒకరు నెలకొకసారి వాహనం తెస్తామన్నారు, వాళ్లదీ ఎక్కువే. మూడో కంపెనీ కాల్‌కు ఇంత అని చెప్పింది, అది అన్నిటికంటే తక్కువ. విరాళాల డబ్బు పొదుపుగా వాడాలన్న భయంతో తక్కువ రేటుకే మొగ్గాం. సర్కారు టెండర్లలో తక్కువ రేటు వేసినవాడికే పని ఇచ్చే, ‘ఎల్ వన్’ అని మనం నవ్వుకుంటూ తిట్టే పద్ధతినే మన సొంత డబ్బుతో మనమే చేశాం. కొనవలసింది వైద్యం, కొన్నది కాల్స్. ఈ రెండింటికీ తేడా ఏమిటో అందరికంటే ముందు నాకే తెలిసి ఉండాలి. ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని కొద్దిసేపు లద్దాఖ్‌లోని లేహ్‌కు తీసుకుపోనివ్వండి. ఈ కథ ముందే విన్నవాళ్లు మరొకసారి ఓర్చుకోవాలి.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌ను. లక్నోలో శిక్షణ పొందాను. లేహ్ దాటి ఇంకా ముందుకు, ఎత్తు మీద ఉన్న ఒక పోస్టులో ఉండగా, ఒక రాత్రి ఒక జవానుకు ఊపిరి ఆడలేదు. డాక్టరు సాబ్ కింద ఎక్కడో ఉన్నారు, మా మధ్య ఉన్నది మంచు, ఒక రేడియో సెట్టు. ఆయన నన్ను అడిగినవి నాలుగే మాటలు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, పెదవుల రంగు ఏమిటి, వీపు మీద స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగున చిటపట వినిపిస్తోందా, దగ్గితే ఏ రంగు పడుతోంది. నేను లెక్కపెట్టి, చూసి, విని చెప్పాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆయన వెంటనే పోల్చుకొని, కూర్చోబెట్టే ఉంచు, ఆక్సిజన్ పెట్టు, వెలుగు రాగానే కిందికి దించాలి అన్నారు. తెల్లవారి హెలికాప్టర్ వచ్చింది, ఆ కుర్రవాడు బతికాడు. చెవి నాది, బుద్ధి ఆయనది, ఆ రెండూ కలిశాయి కాబట్టి సెట్టు పనికివచ్చింది. ఆ రాత్రి ఆ జవాను చేతికే సెట్టు ఇచ్చి ‘నీ సంగతి నువ్వే డాక్టరుకు చెప్పుకో’ అని ఉంటే ఏమయ్యేది? సరిగ్గా ఆ పనే మనం ఈ ఒప్పందంలో చేశాం.

తాడ్వాయికీ ఏటూరునాగారానికీ మధ్య ఒక పల్లెలో నా స్నేహితుడి భార్య ఉంటారు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద, చనిపోయి చాలా కాలమైంది, ఆమెను నేను వదినా అని పిలుస్తాను. ఈ మాటలు చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెకు పదిహేనేళ్లుగా షుగరు. అరికాలిలో బొటనవేలి కింద పుండు పడింది. మన సేవ ఉందని నేనే చెప్పి, నేనే నంబరిచ్చాను. మనవడు కాల్ కలిపి, ఫోను నానమ్మ చేతికిచ్చి, కాలేజీ బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు.

అవతలి డాక్టరు హిందీలో మాట్లాడారు. ఒప్పందంలో మనం ‘భారతీయ భాషల్లో సేవ’ అని రాసుకున్నాం, హిందీ భారతీయ భాషే కనుక కాగితం ప్రకారం కంపెనీ తప్పేమీ లేదు. మనమందరం ఇరవై ఏళ్లు హిందీలో బతికినవాళ్లం కనుక, సంతకం పెట్టేటప్పుడు మన ఇంటి ఆడవాళ్లు గుర్తుకు రాలేదు. వదినకు కంటోన్మెంటు క్వార్టర్లలో నేర్చుకున్న ‘హా జీ’, ‘నహీ జీ’ తప్ప మరేమీ రావు. పుండు చూపించమంటే చూపించారు, చేయి వణుకుతుంటే బొమ్మ ఎలా కనిపించిందో ఊహించుకోండి. నొప్పి ఉందా అన్నారు. దర్ద్ అన్న మాట ఆమెకు తెలుసు. ‘నహీ జీ’ అన్నారు.

అది అబద్ధం కాదు. షుగరు ముదిరి నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదు. నొప్పి లేకపోవడమే అక్కడ అపాయం. పక్కన ఒక ఏఎన్ఎం అక్క కూర్చుని ఉంటే, వేలిని తాకి స్పర్శ ఉందో లేదో చూసేది, పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో పట్టుకునేది, పుండు లోతెంతో, వాసన వస్తోందో లేదో చెప్పేది. ఇవేవీ ఫోను తెరకు కనిపించవు. డాక్టరు రికార్డులో ‘నొప్పి లేదు’ అని రాసి, గోలీలు రాసి, తగ్గకపోతే దవాఖానకు వెళ్లమని చెప్పి, నాలుగు నిమిషాల్లో కాల్ ముగించారు. మందుల చీటీ ఫోనుకు వచ్చింది. ఆ పల్లెలో ఆ మందులు దొరకవు, తెచ్చి ఇవ్వడం కంపెనీ పని కాదు, ఎందుకంటే ఆ పని మనం కాగితంలో రాయలేదు.

మూడో రోజు నేను ఆ ఊరు వెళ్లాను. మందులు వచ్చాయా వదినా అంటే, వస్తాయిలే మరిదీ అన్నారు. నా మొహమాటం కొద్దీ వచ్చాయనే అనుకున్నాను. కట్టు విప్పి చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు కట్లు కట్టిన వాడిని, విప్పి చూడలేదు. ఆమె ఫోన్లో, సేవ ఎలా ఉందో అయిదుకు ఎన్ని చుక్కలో (స్టార్లు) పెట్టమని మెసేజి ఉంది. చదివి పెట్టమన్నారు. నేనే అయిదు చుక్కలు నొక్కాను.

పన్నెండో రోజుకు జ్వరం వచ్చి, వరంగల్ తీసుకువచ్చారు. రెండు వేళ్లు తీసేశారు. ఆ నెల కంపెనీ పంపిన నివేదికలో ఆ కాల్ ‘పూర్తయింది’ అనే ఖాతాలోనే ఉంది, అయిదు చుక్కలతో. ఆ నివేదిక కార్యవర్గ సమావేశంలో చదివినప్పుడు మనం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, అప్పటికి ఆమె దవాఖానలో ఉన్న కబురు నాకు ఇంకా అందలేదు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. నాకు తెలుసు. రావలసిన విషయానికి ఇప్పుడే వస్తున్నాను.

ఫోన్ వైద్యం వద్దని నేను అనడం లేదు. మన దేశంలో దానికి చట్టపరమైన దారి సాఫీగానే ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, నమోదైన డాక్టరు దేశంలో ఎక్కడ ఉండి అయినా ఎక్కడి రోగికైనా సలహా ఇవ్వవచ్చు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ డాక్టర్లు రాష్ట్రం సరిహద్దు దాటి తెర మీద వైద్యం చేయడానికి 2018లో ప్రత్యేకంగా ఒక నియమం తెచ్చుకోవలసి వచ్చింది. అక్కడ ఆ శాఖ కింద పేరు నమోదైన మాజీ సైనికుల్లో దాదాపు మూడో వంతు పల్లెల్లోనే ఉంటారు. వాళ్లకూ ఇంట్లో సిగ్నల్ లేని బాధ ఉంది. అందుకని మోంటానా రాష్ట్రంలో యురేకా అనే చిన్న ఊళ్లో, మాజీ సైనికుల సంఘం సొంత భవనంలోనే, తలుపు వేసుకొని డాక్టరుతో తెర మీద మాట్లాడే గదిని ఏర్పాటు చేశారు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు నాకు ఈర్ష్య కలిగింది. మనకూ మండలాల్లో సంఘం గదులున్నాయి, వాటిలో ప్రస్తుతం కుర్చీలు, పాత బ్యానర్లు ఉన్నాయి.

2020 నాటి మన మార్గదర్శకాల్లోనే ఇంకొక మాట ఉంది, మనం దాన్ని చదవకుండా సంతకం పెట్టాం. రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి డాక్టరుతో మాట్లాడించే పద్ధతిని అవి వేరుగా గుర్తించాయి. ఫోనులో చూస్తే చాలదనిపించినప్పుడు రోగిని నేరుగా రమ్మని చెప్పడం డాక్టరు బాధ్యత అన్నాయి. కొన్ని మందులను మొదటిసారి మాట్లాడినప్పుడే రాయకూడదన్నాయి. ప్రభుత్వ ఫోన్ వైద్య సేవ ‘ఈ సంజీవని’లో పల్లె ఉపకేంద్రంలో రోగి పక్కన ఒక ఉద్యోగి కూర్చుంటే అవతలి చివర డాక్టరు ఉండే ఏర్పాటు ఉన్నది ఇందుకే. మన పల్లె దవాఖానాలు ఆ ఉపకేంద్రాల స్థానంలో ఉన్నవే కదా, వాటితో కలిసి పనిచేయమని కంపెనీని అడగడం మనకు తట్టలేదు.

కాబట్టి కొత్త ఒప్పందంలో డబ్బు కాల్‌కు కట్టవద్దు. మందు చేతికి అంది, వారం తరువాత మళ్లీ అడిగి, తగ్గిందనో దవాఖానలో చేర్పించామనో రాసిన తరువాతే ఒక కేసుకు డబ్బు కట్టాలి. మధ్యలో తెగిన కాల్‌కు బిల్లు ఉండకూడదు. ‘తెలుగులో’ అనే మాట తెలుగులోనే రాయాలి, కోయ పల్లెల్లో కోయ తెలిసిన మనిషి పక్కన ఉండాలి. డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ముందే చెప్పాలి. బీపీ మిషను, షుగరు మిషను, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పట్టుకొని రోగి పక్కన కూర్చునే మనిషి జీతం రేటులో మొదటి అంశంగా ఉండాలి, రేటు ఎక్కువైతే కానీయండి. ఒప్పందం ముగిసిన రోజున మన రోగాల రికార్డులు మనకు అప్పగించి, తమ దగ్గర తుడిచేయాలి. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, కంపెనీలకు ఇది కొత్త మాట కాదు. చుక్కలు మాత్రం వద్దు. పెద్దమనిషి ఇంట్లో చాయ్ తాగి ఎవరూ ఒక చుక్క పెట్టరు.

సిగ్నల్ సంగతి కూడా అడగాలి. మేడారం జాతర నాలుగు రోజులకు తాత్కాలిక టవర్లు వస్తాయి, అమ్మవార్లు వనానికి వెళ్లాక అవీ వెళ్లిపోతాయి. ఆ టవర్లను చూసి ఆ అడవిలో వీడియో కాల్ నడుస్తుందని కాగితం మీద రాసుకోకూడదు. ఏ ఊళ్లో ఏ చెట్టు కింద సిగ్నల్ దొరుకుతుందో మీకు తెలిసినంతగా కంపెనీకి తెలియదు. ఇంకొక మాట, ఇది ఒప్పందంతో పని లేనిది: రాత్రి నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక కూర్చునే వాళ్లు మనలో ఉన్నారు. 14416కు ఫోను చేయండి, అది మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ‘టెలి మానస్’, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. ఆ పనికి నిజంగానే ఫోను చాలు.

కార్యవర్గ సభ్యులకు నా మీద కోపం వస్తుందని తెలుసు. నేను వాళ్లను అనడం లేదు, సంతకం పెట్టింది నేనే, చుక్కలు నొక్కింది నేనే. వచ్చే నెల కాగితం మీద మళ్లీ నా సంతకం అడుగుతున్నారు. ఈ అంశాలు లేని కాగితం మీద నేను పెట్టను.

వెనక బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాం. ఒకదానిలో మీ ఊరు, ఇంటి నుంచి పల్లె దవాఖానకు ఎంత దూరం, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది అనేవి రాయండి. రెండోది కిందటి ఏడాది కాల్ చేసినవాళ్లకు: మందు అందిందా లేదా అన్న ఒక్క గడి ఉంది, మొహమాటపడకుండా నిజం రాయండి. రాయడం రానివాళ్లకు ఎన్‌సీసీ పిల్లలు రాసి పెడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వాళ్లకు మధ్యాహ్నం బస్సు ఉంది కనుక వాళ్లను ముందు పోనివ్వండి, హనుమకొండ వాళ్లు భోజనం చేసి వచ్చి రాయవచ్చు. మొదటి పేజీలో వదిన వేలిముద్ర ఇప్పటికే ఉంది. జై హింద్.