కాలిన చోట టూత్‌పేస్ట్ పూయకండి

స్టవ్ ఆపేశాక కూడా పెనం మీద దోసె మాడుతూనే ఉంటుంది కదా? చేతి మీద నూనె చిందినప్పుడు జరిగేదీ అదే. నూనె తుడిచేసినా, చర్మంలోకి దిగిన వేడి లోపలి పొరల్ని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. అప్పుడు టూత్‌పేస్ట్, వెన్న, ఇంకు పూయడమంటే ఆ పెనం మీద మూత పెట్టడమే. పైగా గాయం లోతు చూడాలంటే ఎండిపోయిన ఆ పేస్టునంతా ముందు కడిగి తీయాలి. ఏడుస్తున్న పిల్లకి ఆ బాధ ఎందుకండీ?

కుళాయి తిప్పండి. మామూలు చన్నీళ్లు, ధారగా, 20 నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. మంట తగ్గిందని 2 నిమిషాలకే చెయ్యి తీసేస్తారు, పెనం ఇంకా చల్లారలేదు! ఆలస్యమైందా? కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. ఐసు మాత్రం వద్దు. రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా లోతవుతుంది. చంటిపిల్లలకి కాలిన చోటే నీళ్లు పోసి, మిగతా ఒళ్లు దుప్పటితో కప్పండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. అంటుకుపోయిన బట్టని లాగకండి, బొబ్బలు చిదమకండి.

ఇక ఆసుపత్రిలో గాయం చూసేవాళ్లకి. పైపై గాయాలకి కూడా అలవాటుగా తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము రాసేస్తున్నారు. అక్కర్లేదు. మానడం ఆలస్యమవుతుంది, లోతూ సరిగ్గా కనపడదు. సబ్బు నీళ్లతో కడిగి, పారాఫిన్ పూసిన పల్చటి గాజ్ గుడ్డ వేసి, పైన మందంగా ప్యాడ్ కట్టి, రెండు రోజుల్లో విప్పి చూడండి. టీటీ (ధనుర్వాతం టీకా) సంగతి అడగండి. యాంటీబయాటిక్ ముందుజాగ్రత్తకని వద్దు.

ఎంత మేర కాలిందో ఇలా లెక్కేయండి: రోగి అరచెయ్యి, వేళ్లతో సహా, ఒంటి చర్మంలో 1 శాతం. పెద్దల్లో 10, పిల్లల్లో 5 శాతం దాటినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కరెంటు కొట్టినా, పొగ పీల్చినా పెద్దాసుపత్రికే పంపాలి. తెల్లగా తోలులా మారి నొప్పే తెలియట్లేదంటే సంతోషించకండి, అది లోతుగా కాలినట్టు.

టైమ్ అయిపోతోంది, జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. స్నానం బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లలోనే లోతుగా కాలుస్తాయి, గీజర్ 50 దగ్గర పెట్టండి. హీటర్ రాడ్ ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోండి. పాకే పిల్లలున్న ఇంట్లో సాంబారు గిన్నె నేల మీద దించొద్దు. బాణలి కాడ గోడవైపు తిప్పి ఉంచండి.