రెండు నిమిషాల ఖాళీ

సభకు నమస్కారం.

స్మార్ట్‌ఫోన్ల నుంచి, సామాజిక మాధ్యమాల నుంచి మనిషి తన క్షేమాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎలా అన్నది ఈ పూట నాకు అప్పగించిన విషయం. తెచ్చుకున్నవాడు చెప్పవలసిన సంగతి ఇది. నేనింకా దారిలోనే ఉన్నాను. నిన్న రాత్రి పడుకునే ముందు నా ఫోను సెట్టింగులు తెరిచి చూశాను. ఒక్కరోజులో దాని తాళం 71 సార్లు తీశానట. వాటిలో నాకు గుర్తున్నవి ఎనిమిదో తొమ్మిదో. మిగతా అరవై పైచిలుకు సార్లు తీసింది నా చెయ్యే గాని నేను కాదు. కాబట్టి ఉపదేశం కోసం వచ్చినవారు మన్నించాలి. ఒక రోగి తన జబ్బు గురించి కొంత చదువుకుని వచ్చి మాట్లాడుతున్నాడనుకోండి.

ఆ అరవై సార్లూ ఎప్పుడెప్పుడు తీసి ఉంటానా అని కూర్చుని ఆలోచించాను. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు. నీళ్లు మరిగేలోపు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట మధ్యలో లేచి తలుపు తీయడానికి వెళ్లినప్పుడు. అన్నీ అర నిమిషం, నిమిషం, మహా అయితే రెండు నిమిషాల ఖాళీలు. ఫోను మన కాలాన్ని తినేస్తోందని అందరూ అంటారు, రోజుకు మూడు గంటలు, నాలుగు గంటలు అని లెక్కలు కడతారు. నాకు ఆ లెక్క మీద పెద్ద పట్టింపు లేదు. ఆ గంటల్లో చాలావాటిని ఇదివరకు టీవీ తినేది. కానీ టీవీని లిఫ్టు దగ్గరికి మోసుకుపోలేకపోయాం కదా! ఫోను కొత్తగా పట్టుకుపోయింది ఆ రెండు నిమిషాలనే. నేను ఇవాళ మాట్లాడేది వాటి గురించే.

ఆ ఖాళీలో ఏముందండీ, విసుగే కదా అంటారా? విసుగే. దాన్ని మనిషి ఎంత భరించలేడో చూపించిన ప్రయోగం ఒకటుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమొతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం చేసిన పని, 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక్కొక్కరినీ ఒక ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. చేతిలో ఏమీ లేదు, మీ ఆలోచనలతో మీరు ఉండండి అన్నారు. పక్కన ఒక గుండీ ఉంది. నొక్కితే చిన్న విద్యుత్తు షాకు తగులుతుంది. ఆ షాకు ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు. ఎదురు డబ్బిచ్చయినా దాన్ని తప్పించుకుంటామని చెప్పినవారినే లెక్కలోకి తీసుకున్నారు. ఇంతా చేస్తే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ గుండీ నొక్కుకున్నారు. ఒక మహానుభావుడైతే 190 సార్లు నొక్కుకున్నాడు. సగటు తీసేటప్పుడు ఆయనను పక్కన పెట్టక తప్పలేదు.

ఆ గదిలో ఫోను లేదు. కాబట్టి మన చంచలత్వాన్ని ఫోను పుట్టించిందని నేను అనను. అది చేసిందల్లా ఆ గుండీని తెచ్చి మన జేబులో వేయడం. పైగా దీనికి షాకు కొట్టదు, హాయిగానే ఉంటుంది.

అయితే ఆ ఖాళీలో విసుగు ఒక్కటే ఉండదు. విసుగు వాకిట్లో కూర్చుని ఉంటుంది, దాన్ని దాటుకుని వెళితే లోపల ఇంకేవో ఉంటాయి. పొద్దున ఒకరితో అన్న మాట కాస్త ఎక్కువైందేమో అని మనసుకు తట్టేది అక్కడే. ఫలానావారి ఒంట్లో బాగాలేదన్నారు, కనుక్కోనేలేదే అని గుర్తొచ్చేది అక్కడే. మూడు రోజులుగా తేలని లెక్క ఒకటి దానంతట అదే తేలేదీ అక్కడే. వీటికి ఎవరూ సమయం కేటాయించరు. సాయంత్రం ఐదింటికి పశ్చాత్తాపం అని ఎవరూ డైరీలో రాసుకోరు. ఇవి సందుల్లో మొలిచే మొక్కలు. ఆ సందులన్నీ మనం సిమెంటు పెట్టి పూడ్చేశాం.

పూడ్చిన పనివాళ్లు గట్టివాళ్లు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, పత్రికకూ ఉంటుంది. మొదట్లో వెబ్ పేజీలకూ ఉండేది, అడుగుకు వెళితే ‘తరువాతి పేజీ’ అని ఒక మాట కనిపించేది. దాన్ని నొక్కాలా, లేవాలా అని ఒక క్షణం ఆలోచించే వీలుండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే రూపకర్త ఆ అడుగును తీసేశాడు. చదువుతూ కిందికి పోతున్నంతసేపూ పేజీ పెరుగుతూనే ఉంటుంది. చదివేవారికి సౌకర్యంగా ఉంటుందనే చేశాడు పాపం. తరువాత ఆయనే దాని గురించి బాహాటంగా విచారం వెలిబుచ్చాడు. ఇక తెరను కిందికి లాగి వదిలితే కొత్తవి వచ్చే ఏర్పాటు చూడండి. లాగినప్పుడల్లా ఏదో ఒకటి వస్తుందన్న హామీ లేదు, ఏమీ రాదన్న హామీ కూడా లేదు. బీ. ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో పావురాలతో తేల్చిన సంగతి ఇదే. గుండీని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ రాలితే పావురం ఆకలి తీరగానే ఆగుతుంది. ఎన్నోసారికి రాలుతుందో తెలియనప్పుడే అది ఆగకుండా పొడుస్తుంది. ఒక పదిసార్లు వృథాగా పొడిచినా నమ్మకం చెడదు.

ఫేస్‌బుక్‌లో ‘లైక్’ గుండీ 2009 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటిదాకా మన మాట ఎవరికి నచ్చిందో మనకు అరకొరగా తెలిసేది. అలా అరకొరగా తెలియడంలో ఒక దయ ఉండేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. మన మాట అవతలివాడికి ఎంత నచ్చిందో అంకె రూపంలో తెలుసుకోవలసిన అవసరం మామూలు మనిషికి అంతకు ముందు ఇంతగా రాలేదు. ఆ గుండీని తయారుచేసిన బృందంలో జస్టిన్ రోజెన్‌స్టీన్ అనే ఇంజనీరు ఉన్నాడు. ఆయన కొన్నేళ్ల తరువాత తన ఫోనులో కొత్త యాప్‌లు దిగకుండా, పిల్లల కోసం ఉద్దేశించిన నియంత్రణను తన సహాయకుడి చేత పెట్టించుకున్నాడు. ఈ ముక్క దగ్గర కాసేపు ఆగండి. లోపల ఏముందో పూర్తిగా తెలిసినవాడు, కట్టినవాడే, తన మనోనిబ్బరాన్ని నమ్ముకోలేదు. మనల్ని మాత్రం ‘నీకు నిగ్రహం లేదు’ అని తిట్టుకోమంటున్నారు.

హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త 1971లోనే అన్నాడు, సమాచారం సమృద్ధిగా ఉన్నచోట అవధానానికి కరువొస్తుందని. అవధానం అన్న మాట వినగానే మనకు వేదిక మీది అవధాని గుర్తొస్తాడు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అడ్డు తగలడమే పనిగా పెట్టుకున్నవాడు ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడి అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకున్నందుకే సభ చప్పట్లు కొడుతుంది. నా ఫోనులో ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగులే. అవధాని మధ్యమధ్య మోగే గంటలను లెక్కపెట్టి చివర్లో చెబుతాడు. నేను ప్రతి గంటకూ లేచి వెళుతున్నాను.

ఇంతవరకూ చెప్పిందానికి మీలో చాలామంది తలలూపారు. ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే మాట చెప్పాలి. ఫోన్లు ఒక తరం మొత్తాన్ని మానసిక రోగులుగా మార్చేశాయని ఢంకా బజాయించి చెప్పేవారి వెనుక ఉన్న ఆధారాలు మనం అనుకున్నంత బలమైనవి కావు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 3,55,358 మంది కౌమార వయసు పిల్లల వివరాలను జల్లెడపట్టి 2019లో ప్రచురించారు. పిల్లల క్షేమంలో ఒకరికీ ఒకరికీ మధ్య కనిపించే తేడాలలో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతం అని తేలింది. కళ్లద్దాలు పెట్టుకోవడానికి ఇంతకంటే ఎక్కువ ప్రతికూల సంబంధం కనిపించింది! దీనికి ఎదురువాదాలు ఉన్నాయి, అన్ని రకాల వాడకాన్నీ ఒకే గాటన కట్టారన్నది వాటిలో ప్రధానమైనది. వాదన ఇంకా ముగియలేదు.

నాకు ఇంతకంటే పనికొచ్చేదిగా కనిపించింది అమెరికా ఆర్థికవేత్తలు హంట్ ఆల్కాట్, ఆయన సహచరులు చేసిన పరీక్ష. 2018లో రెండున్నర వేలమందికి పైగా ఫేస్‌బుక్ వాడకందారులను తీసుకుని, వారిలో కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఖాతా మూయించారు. రోజుకు సగటున గంట సమయం మిగిలింది. మిగిలిన ఆ సమయాన్ని ఇంకో వెబ్‌సైటులో పోశారా అంటే లేదు. ఒంటరిగా టీవీ చూశారు, ఇంటివాళ్లతో, స్నేహితులతో గడిపారు. తాము క్షేమంగా ఉన్నామన్న భావన పెరిగింది గాని కొద్దిగానే. లోకం వార్తలు మాత్రం మునుపటికంటే తక్కువగా తెలిశాయి. రాజకీయంగా రెండు శిబిరాలుగా చీలిపోవడం కొంత తగ్గింది. గడువు అయిపోయాక కూడా చాలామంది మునుపటంతగా వాడలేదు. చూడండి, ఇందులో అద్భుతమేమీ లేదు. కొంత పోయింది, కొంత వచ్చింది. వచ్చిన దాన్ని వాళ్లు వదులుకోలేదు. నాకు నచ్చింది ఆ చివరి సంగతే.

నన్ను కదిలించింది మాత్రం ఏ పరిశోధనా కాదు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. ఏదైనా చెప్పాలనుకుంటే ముందు వచ్చి పక్కన నిలబడి, ‘నాన్నా, అయిపోయిందా?’ అని అడిగేది. ఫోనులో నా పని అయిపోయిందా అని. నేను ‘ఆఁ, ఒక్క నిమిషం’ అనేవాణ్ని. నిలబడేది. బుద్ధిమంతురాలు, పెద్దల పనికి అడ్డు తగలదు అని లోలోపల మురిసిపోయాను కూడా. ఒక రోజు ఫోను ఎక్కడో ఛార్జింగులో ఉంది, నేను వట్టి చేతులతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. వచ్చి నా మొహంలోకి చూసి, ‘నాన్నా, అయిపోయిందా?’ అంది. ఆ పిల్లకు అది ప్రశ్న కాదు. నాతో మాట మొదలుపెట్టడానికి అదే పద్ధతి అనుకుంది. తలుపు తట్టినట్టు.

ఆ రోజు నుంచి నేను మారిపోయానని చెబితే అబద్ధమవుతుంది. రకరకాలవి చేసి చూశాను. తెరను నలుపు తెలుపుల్లోకి మార్చాను, నాలుగు రోజుల్లో కళ్లు అలవాటు పడిపోయాయి. వారానికి ఒక రోజు ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు, ఉపవాసం విడిచినవాడు విస్తరి మీద పడ్డట్టు పడ్డాను. 2018 నుంచి ఫోన్లు తయారుచేసేవారే వాడకానికి పరిమితులు పెట్టుకునే సదుపాయం ఇస్తున్నారు కదా, అదీ పెట్టుకున్నాను. గడువు దాటగానే తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది, దాని కిందే ఈ రోజుకు పట్టించుకోవద్దు అనే గుండీ ఉంటుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. వారం తిరక్కుండానే నా బొటనవేలు ఆ గుండీ ఎక్కడుందో చూడకుండా నొక్కడం నేర్చుకుంది.

నిలబడినవి చాలా మామూలువి. ఒక అలారం గడియారం కొన్నాను, దాంతో ఫోనుకు పడకగదిలో ఉండవలసిన కారణం లేకుండా పోయింది. ఛార్జరును గుమ్మం పక్కన మేకుకు తగిలించాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను ఒకప్పటి గోడ ఫోనులాగా అక్కడే ఉంటుంది. మోగితే లేచి వెళతాను. మనుషులు చేసే కాల్స్ తప్ప మిగతా గంటలన్నీ ఆపేశాను. సామాజిక మాధ్యమాల యాప్‌లు తీసేశాను, కావాలంటే కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టి చూస్తాను. సగంసార్లు ఆ పాస్‌వర్డు కొట్టే బద్ధకమే నన్ను కాపాడుతుంది. నిగ్రహం కంటే బద్ధకం నమ్మకమైన స్నేహితుడని ఈ వయసులో తెలిసింది. ఇంటి బయట మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాను. ఆ 71లో చాలామటుకు అక్కడివే.

చట్టాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఫ్రాన్స్ 2018లో 15 ఏళ్లలోపు పిల్లల బడుల్లో ఫోను వాడకాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. 16 ఏళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలు ఉండకూడదు. శిక్ష పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు, కంపెనీలకు, జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. బరువును మోయవలసినవారి భుజాల మీదే పెట్టడం నాకు నచ్చింది. పిల్లలు దొడ్డిదారులు వెతకరా అంటే వెతుకుతారు. అయితే ఇటువంటి చట్టాల మీద చర్చ జరిగే ఇళ్లలో ఆ చర్చను తల్లిదండ్రులు తమ తమ ఫోన్లలో చదువుతుంటారన్నది కూడా చూడాలి.

చివరగా ఒక నష్టం గురించి చెప్పకపోతే మీకు సగమే చెప్పినవాణ్నవుతాను. బడిలో కలిసి చదువుకున్నవాళ్లం ఒక నలభై మందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపుగా ఉండేవాళ్లం. రోజుకు వంద సందేశాలు, శుభోదయాలు, తగాదాలు. పోయిన ఏడాది దాంట్లోంచి బయటికి వచ్చేశాను. ఆ తరువాత రెండు నెలలకు మా స్నేహితుడి తల్లి పోయారు. చిన్నప్పుడు నన్నూ వాణ్నీ కలిపి కేకలేసిన మనిషి. కబురు గ్రూపులో పెట్టారు. అందరికీ తెలిసింది, నాకు తప్ప. పన్నెండు రోజుల తరువాత వేరే ఎవరి ద్వారానో తెలిసి, తల దించుకుని వెళ్లాను. ఎందుకు రాలేదని వాడు అడగలేదు. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. నా చెయ్యి రెండుసార్లు జేబు దాకా వెళ్లి వచ్చింది. వాడు చూశాడు, ఏమీ అనలేదు. లేచేటప్పుడు అన్నాడు, ‘గ్రూపులో మళ్లీ చేరక్కర్లేదులే, నేనే ఫోన్ చేస్తుంటాను’ అని.

చేస్తున్నాడు. ఎక్కువగా రాత్రి ఎనిమిదింటికి. గుమ్మం దగ్గర మోగుతుంది, లేచి వెళ్లి నిలబడి మాట్లాడతాను.