ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ

అందరికీ నమస్కారం. పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా.

నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాను. ఆర్టీసీ కండక్టర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. గ్రంథాలయంలో మాట్లాడమని పిలిచారంటే మా ఇంటామె నవ్వింది. "రైట్ రైట్, చిల్లర ఇయ్యి... ఇవి తప్ప నీకు ఇంకేం మాట్లాడొస్తది?" అంది. నిజమే. కానీ నా బస్సులో రోజూ వచ్చే రిటైర్డ్ సారు ఒకరున్నారు, ఇదిగో మూడో కుర్చీలోనే ఉన్నారు, పేరు చెప్పొద్దన్నారు. "నీ బిడ్డ చదువుకు పోయిన కథ గూడెప్పాడు నుంచి పరకాల దాకా ముక్కలు ముక్కలుగా విన్నాను, ఒక్కసారి మొత్తం చెప్పు" అన్నారు. అందుకని వచ్చాను. ఈ రోజు నా డ్యూటీ రెండు గంటలకు. ఆ లోపే ముగిస్తాను, భయపడకండి.

మా పనిలో కాలం మారిన సంగతి జనం చేతిలోని సంచులు చెబుతాయి. మృగశిర కార్తె రోజు బస్సంతా చేపల వాసన. ఆ వెంటనే పత్తి విత్తనాల ప్యాకెట్లు. జూలై వచ్చిందంటే ట్రంకు పెట్టెలు, బకెట్లు, చుట్టిన పరుపులు, పచ్చడి డబ్బాలు. బతుకమ్మ ముందు తంగేడు, గునుగు పూల కట్టలు. ఆ పూల దుమ్ము నా యూనిఫాం మీద వారం దాకా పోదు. దసరా దాటాక పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, వాళ్ల సద్ది గిన్నెలు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. అప్పటి నుంచి నా మిషన్‌లోంచి ఎక్కువగా వచ్చేది జీరో టికెట్టే. హాస్టల్‌కు పోయే ఆడపిల్లలకు ఎన్ని వందల టికెట్లు కొట్టానో లెక్క లేదు. "డబ్బా నిలబెట్టి పట్టుకో అమ్మా, నూనె కారుతోంది" అనేవాణ్ని, ముందుకు పోయేవాణ్ని. ఆ డబ్బా నింపిన రాత్రి వాళ్లింట్లో ఏం జరిగి ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మొన్న జూలైలో అలాంటి డబ్బా మా ఇంట్లో నిండింది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మా పెద్దది ఇంటర్ పాసైంది. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ వెబ్‌సైట్‌లో ఏ కాలేజీ కావాలో వరుసగా ఆప్షన్లు పెట్టాలి, మీకందరికీ తెలిసిందే. తను మొదటి ఆప్షన్‌గా హైదరాబాద్‌లో కోఠి మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది, బీఏ. నాకేమో హనుమకొండలో మా ఇంటికి కాకతీయ యూనివర్సిటీ నాలుగు కిలోమీటర్లు. 1976లో పుట్టిన యూనివర్సిటీ. మన దిక్కు ఎన్ని ఇళ్లలో మొదటి డిగ్రీ దాని పుణ్యమో! నేను దూరవిద్యలో డిగ్రీ చేసింది కూడా అక్కడే. చుట్టాలైతే వాకిట్లోకి వచ్చి మరీ అడిగారు, "కేయూ ఇంటి ముందర ఉండంగ కోఠి ఎందుకు? అదీ బీఏకు?" అని. మెసేజ్‌లు వచ్చేది నా ఫోన్‌కు, పిన్ నంబర్ నాకు తెలుసు. ఒక రాత్రి డ్యూటీ దిగి వస్తూ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆప్షన్ల వరుస మార్చేశాను. ఇక్కడి కాలేజీని ఒకటో నంబరుకు తెచ్చి, కోఠిని నాలుగుకు దించాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులకు తనే చూసుకుంది. ఇంకా గడువు ఉంది కాబట్టి మళ్లీ మార్చుకుంది. అరవలేదు, ఏడవలేదు. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "డాడీ, నువ్వు కండక్టర్‌వు కదా. నేను ఉప్పల్ అని అడిగితే ఉప్పల్ టికెట్ కొట్టి, నన్ను పరకాల బస్సు ఎక్కిస్తవా?" అంది. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. ఇరవై రెండేళ్లలో చెకింగ్ వాళ్లకు ఒక్కసారి దొరకలేదు నేను. పద్దెనిమిదేళ్ల పిల్లకు దొరికిపోయాను.

సీటు కోఠిలోనే వచ్చింది. చేర్పించడానికి నేనూ వెళ్లాను. పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణ అది, రెండు వందల ఏళ్లు దాటిన కట్టడం, ముందు ఆ పెద్ద స్తంభాలు. అందులో నడిచే ఆడపిల్లల కాలేజీ 1924లో మొదలైంది. 2022లో యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నేను పాలకుర్తి రూటులో మూడేళ్లు పనిచేశాను. కౌలుకు చేసుకున్న పొలంలో పండిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా నిలబడిన ఐలమ్మ ఊరు అది. ఆ ఊరి స్టేజీ పేరు ఎన్నిసార్లు అరిచి ఉంటానో. అక్కడ గేటు మీద ఆమె పేరు చూసేసరికి, పరాయి ఊళ్లో మనవాళ్లు ఎదురొచ్చినట్టే అనిపించింది. మా బిడ్డ మాత్రం "డాడీ, ఫొటో తర్వాత దిగుదువు, ఫీజు కౌంటర్ బంద్ అయితది" అంది.

బయలుదేరిన పొద్దున సంగతి చెప్పాలి. పునర్వసు కార్తె, ముసురు పట్టింది. మా అమ్మ, అంటే పిల్ల నాయనమ్మ, తెల్లవారుజామునే లేచింది. పిల్లను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి బొట్టు పెట్టి, చున్నీ పట్టమని అందులో ఐదు దోసిళ్లు బియ్యం పోసింది. మా ఇంటామెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అత్తమ్మా, ఒడిబియ్యం పెండ్లైన పిల్లకు పోస్తరు. ఇది చదువుకు పోతుంది!" అంది. మా అమ్మ చేయి ఆపలేదు. "ఇల్లు దాటే ఆడపిల్లకు నాకు తెలిసింది ఇదొక్కటే. వేరేది ఏమన్నా ఉంటే నువ్వు చెయ్యి" అంది. కోడలు నోరు మూసుకుంది. నిజంగానే వేరేది ఏమీ లేదు.

ఆ బియ్యం ఏమైందో తర్వాత తెలిసింది. హాస్టల్ రూమ్‌లో నలుగురు పిల్లలు కలిసి కరెంట్ కెటిల్‌లో పులగం వండుకున్నారట, సగం మాడిందట. మా అమ్మకు చెబితే, "తిన్నరు గదా, చాలు" అంది.

తర్వాత ఇల్లు ఎలా ఉందంటే... ఖాళీ అయింది, బోసిపోయింది అని అందరూ చెప్పేవే నేను చెప్పను. మా ఇల్లు ఖాళీ కాలేదు, లెక్క తప్పింది. మా ఇంటామె మూడు వారాలు ఐదుగురికే బియ్యం పోసింది, పొద్దున సద్దన్నం మిగిలిపోయేది. ఇంట్లో క్యాలెండర్లు మూడయ్యాయి. మా అమ్మ కార్తెల్లో లెక్క పెడుతుంది, "పునర్వసుల పోయింది, పుష్యమి ఒడిసింది" అని. నాది డ్యూటీ చార్ట్. పిల్లేమో ఫోన్‌లో "ఫస్ట్ ఇంటర్నల్స్ అయ్యాక వస్తా" అంటుంది. ఆ ఇంటర్నల్స్ మఖలో పడతాయా పుబ్బలో పడతాయా అని మా అమ్మ నన్ను అడుగుతుంది.

మొదటి మూడు శనివారాలు వచ్చింది. నాలుగో శనివారం మా ఇంటామె సర్వపిండి కోసం శనగపప్పు నానబెట్టి, నువ్వులు, పల్లీలు, కరివేపాకు అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. పిల్ల రాలేదు. ఫ్రెండ్స్‌తో ఏదో ఉందట. ఆ సర్వపిండి మా చిన్నోడు ఒక్కడే తిన్నాడు. "బస్సు ఫ్రీ కదా, వారం వారం వస్తది అనుకున్న" అని మా ఇంటామె నా మీదే విసుక్కుంది, ఆ ఫ్రీ ఏదో నేనే ఇచ్చినట్టు. టికెట్‌కు పైసలు లేకపోవచ్చు గానీ పిల్లకు టైమ్ ఉండాలి కదా అని నేననలేదు. అనాల్సిన టైమ్ కాదది.

ఇక బతుకమ్మ. నేను ఇవాళ చెప్పడానికి వచ్చింది నిజానికి ఇదే.

ఎంగిలిపూల బతుకమ్మ, అంటే మొదటి రోజు నాటికి పిల్ల ఇంటికొచ్చింది. వాడకట్టులో ప్రతి ఒక్కరూ మా ఇంటామెను అడిగారు, "బిడ్డ వచ్చిందా? ఎన్ని రోజులుంటది?" అని. ఆ ప్రశ్న పెళ్లై పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల గురించి అడిగేది. మేమూ అలాగే చేశాం. పూలు కోసుకురానివ్వలేదు, గిన్నె ముట్టనివ్వలేదు. సత్తుపిండి చేసి పెట్టాం, మలీద ముద్దలు చేసి పెట్టాం, "కూర్చో బిడ్డా, అలిసిపోయి వచ్చినవ్" అన్నాం. రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు బట్టలు పెట్టుకుందామని తన అర తెరిచింది. ఆ అరలో మా చిన్నోడి క్రికెట్ బ్యాటు, టెన్త్ గైడ్లు, నా పాత యూనిఫాంలు ఉన్నాయి. తన పుస్తకాలు సంచిలో కట్టి అటక మీద పెట్టాం.

అప్పుడు ఏడ్చింది. వెబ్ ఆప్షన్లు మార్చినప్పుడు ఏడవని పిల్ల, అర కోసం ఏడ్చింది. "నేను చదువుకుంటానికి పోయిన, ఇల్లు ఇడిసి పోయిన్నా? నా అర ఎందుకు తీసిన్రు?" అంది.

ఎవరం కావాలని తీయలేదు. ఎవరు తీశారో కూడా గుర్తు లేదు. వానాకాలం, బట్టలు ఆరక, చోటు లేక, ఒక్కొక్కటిగా చేరిపోయాయి. కానీ నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. రేపు మా చిన్నోడు హాస్టల్‌కు పోతే వాడి అర ఇలాగే తీస్తామా? తీయం. దుమ్ము దులిపి, తాళం వేసి, "మావోడు వస్తే వెతుక్కుంటడు" అంటాం. వాడు బయలుదేరిన రోజు ఎవరూ అప్పగింతలు అనరు, ఎవరూ ఒడిబియ్యం తీయరు.

మన దిక్కు ఒక మాట ఉంది కదా, "ఆడపిల్ల ఆడి పిల్లే గానీ ఈడి పిల్ల కాదు" అని. చిన్నప్పటి నుంచి వింటూ నవ్వుకున్న మాటే. ఆడ అంటే అత్తగారిల్లు, ఈడ అంటే పుట్టిల్లు, అంతేనని. ఇప్పుడు మా పిల్ల ఎక్కడి పిల్ల? కోఠి హాస్టల్‌లో అడిగితే హనుమకొండ పిల్ల అంటారు. హనుమకొండలో అడిగితే హైదరాబాద్‌లో చదివే పిల్ల. పెళ్లి ఊసు లేదు, అత్తగారిల్లు లేదు. ఆడపిల్ల ఇల్లు దాటడానికి మన ఇళ్లలో ఇన్నేళ్లూ ఒక్కటే దారి ఉండేది. అందుకే ఏ దారిన పోయినా ఆ దారినే పోయిందన్నట్టు మన చేతులు వాటంతట అవే అర ఖాళీ చేస్తున్నాయి. మా అమ్మ బియ్యం పోసింది తెలియక. మేం అర తీసింది మాత్రం... తెలియక అని చెప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

మర్నాడు పొద్దున నేనే అటక ఎక్కి సంచి దించాను. చిన్నోడి బ్యాటు తలుపు వెనక్కి పోయింది. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పిల్ల తనే పోయి గునుగు కోసుకొచ్చింది, చేతులంతా గీరుకుపోయాయి. బతుకమ్మ పేరుస్తూ వాళ్లమ్మకు వరుసల కొలతలు చెప్పింది, తల్లీబిడ్డలు తంగేడు దగ్గర పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట విన్నాక ఇంట్లో అందరికీ పాణం కుదుటపడింది. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి, 2025 అక్టోబర్ 2న. యాట కూర ఎట్లా అని ఊరంతా టెన్షన్. ఆ సంగతి ఇక్కడ వద్దు, గ్రంథాలయం కదా.

సెలవులు అయ్యాక తను వెళ్లే రోజు ఒక విచిత్రం జరిగింది. హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌కు కండక్టర్ తక్కువైతే నన్ను స్పేర్‌గా పంపారు. చూస్తే ఐదో సీట్లో మా పిల్ల. నేనూ తగ్గలేదు, "ఆధార్ చూపించమ్మా" అన్నాను. రూల్ రూలే. పక్కన కూర్చున్న పెద్దమ్మ, "చదువుకునే పిల్లను గంత సతాయిస్తవేంది?" అని నన్ను కసిరింది. పిల్ల నవ్వాపుకుంటూ కార్డు తీసింది. దాని మీద మా ఇంటి అడ్రసే ఉంది. జీరో టికెట్ కొట్టాను. చాలామంది చూడరు గానీ, ఆ టికెట్ మీద పైసలు సున్నా అయినా ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ రెండూ ఉంటాయి. హనుమకొండ, ఉప్పల్. తను దాన్ని తిప్పి చూసి, "రిటన్ టికెట్ కూడా ఇప్పుడే కొట్టరాదు డాడీ?" అంది. మా మిషన్‌లో ఆ బటన్ లేదు. ఎక్కిన ప్రతిసారీ కొత్తగా కొట్టాల్సిందే.

జనగామ దాటేదాకా నేను తన సీటు వైపు వెళ్లలేదు. తర్వాత చూస్తే, ఆ పెద్దమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది.

అక్టోబర్ 29 మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, మొంథా తుఫాను. జూలై వానలకు మనం అలవాటు పడ్డాం. 2023 జూలైలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచినప్పుడు ఆ రూటు బస్సులు ఎట్లా ఆగిపోయాయో నాకు తెలుసు. కానీ స్వాతి కార్తెలో ఆ వాన ఏంది? కల్లాల్లో వడ్లు, చేలల్లో విచ్చుకున్న పత్తి. హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లు, డోర్నకల్‌లో పట్టాల మీద నీళ్లు. ఆ రాత్రి నేను డిపోలోనే ఉండిపోయాను. ఫోన్ మోగింది. ఇన్ని నెలలుగా "తిన్నవా? హాస్టల్‌కు చేరినవా? గొడుగు ఉందా?" అని అడిగింది మేము. ఇప్పుడు తను అడుగుతోంది. "డాడీ, ఇంట్లకు నీళ్లొచ్చినయా? నాయనమ్మను పైకి తీసుకపోయిన్రా? నువ్వు వాగు దాటకు." నేను "ఏం లేదు బిడ్డా, పడుకో" అన్నాను. పడుకోలేదు. ప్రతి గంటకూ చేసింది. వాళ్లమ్మకు చేసింది, చిన్నోడికి చేసింది, ఆఖరికి పక్కింటివాళ్లకు కూడా చేసిందట. తెల్లారాక "మా దగ్గర ఎండ కొడుతుంది" అని మెసేజ్ పెట్టింది. మా దగ్గర అంటే కోఠి. మా ఇంటామె ఆ మెసేజ్ రెండుసార్లు చదివి ఫోన్ పక్కన పెట్టింది. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు చలికాలం. పొద్దున ఫస్ట్ బస్సులో మంకీ క్యాపుల్లో ముఖాలు తెలియడం లేదు, టికెట్ ఎవరికి కొట్టానో ఎవరికి కొట్టలేదో గొంతు విని గుర్తుపడుతున్నా. మా ఇంటామె సంక్రాంతి సకినాలకు బియ్యం ఎన్ని పోయాలని నన్ను అడుగుతోంది. పిల్ల రూమ్‌లోని నలుగురికీ కావాలట. 2026 జనవరి 28 నుంచి మేడారం జాతర. నాకు ఆ నాలుగు రోజులూ డ్యూటీ తప్పదు. పిల్ల తనూ వస్తానంటోంది, నా బస్సులోనే. సెమిస్టర్ పరీక్షల టైమ్ టేబుల్ ఇంకా రాలేదు. మా డ్యూటీ చార్టూ రాలేదు. మా అమ్మ మాత్రం మొక్కు బంగారానికి బెల్లం ఎంత కావాలో ఇప్పటినుంచే లెక్క వేస్తోంది, పిల్ల బరువెత్తు కూడా కలిపి.

ఒకటి ముప్పావు అయింది. సారూ, మీరు కూడా లేవండి, ఈ బస్సు పోతే పరకాలకు మళ్లీ చాలాసేపు ఆగాలి. నమస్తే.