నేను కన్నింది తొమ్మిది మందిని
(మా అత్త సంవత్సరీకం రోజున కర్నూలులో మాట్లాడిన మాటలు)

పెద్దలకు, పిల్లలకు, అందరికీ నమస్కారం. నందికొట్కూరు నుంచి, ఆత్మకూరు నుంచి వచ్చిన వాళ్లకు, కృష్ణ అవతల కొల్లాపూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మా పిన్నత్త వాళ్లకు, తెల్లవారుజామున నాలుగింటి నుంచి పొయ్యిల దగ్గర నిలబడిన వంటవాళ్లకు పేరుపేరునా దండాలు. శ్రీశైలం డ్యాం ముంపు ఊళ్ల వాళ్లు చాలామంది వచ్చారు. ఒకే ఊరి వాళ్లం ఒకరినొకరు చూసుకోవాలంటే ఇప్పుడు పెళ్లో చావో ఉండాలి. అందుకే మిమ్మల్ని చూస్తే నాకు మాట రావడం లేదు.

మా మరుదులు పది నిమిషాలు మాట్లాడమన్నారు. అత్త పుట్టిల్లు, పెళ్లి, కాన్పులు, కాశీయాత్ర అన్నీ వరుసగా చెప్పమన్నారు. రాసుకొచ్చాను, కాగితం చేతిలోనే ఉంది. కానీ నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకే మాట అన్నారు, త్యాగమూర్తి అని. ఇంట్లో ఇరవై ఏడు మంది తిన్న తర్వాతే ఆమె తినేదని మెచ్చుకున్నారు. ఆ మాట విన్నాక ఈ కాగితం చదవలేను.

ఆమెకు ఆకలి వేసేది. నాతో చెప్పింది. నేను ఆ ఇంటికి పెద్ద కోడలుగా వచ్చింది 1976లో. పూటకు ఎనభై జొన్నరొట్టెలు తట్టేవాళ్లం. ఆమె తట్టేది, నేను కాల్చేదాన్ని. మధ్యాహ్నం మూడు దాటితే ఆమెకు కళ్లు తిరిగేవి. గోడకు ఆనుకుని కూర్చుని, కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నోట్లో వేసుకునేది. "మీ మామకు చెప్పొద్దు" అనేది. ముందు తింటే ఎవరూ కొట్టరు, తిట్టరు. కానీ ముందు తినమ్మా అని అన్నవాళ్లు కూడా లేరు. నేనూ అనలేదు. దానికి త్యాగం అని పేరు పెట్టడం నాకు నచ్చలేదు. క్షమించండి.

ఆమెకు చదువు రాదు. లెక్క మాత్రం వచ్చు. గాదెలో జొన్నలు సంక్రాంతికి ఎంత మట్టానికి ఉంటే కొత్త పంట దాకా సరిపోతాయో చెయ్యి పెట్టి చూసి చెప్పేది. విత్తనాలకు ఎంత తీసిపెట్టాలి, పండగకు వచ్చే ఆడబిడ్డలకు కట్టివ్వడానికి ఎంత, ఎవరింటికి అప్పు ఇచ్చాం, అన్నీ నోటిలెక్కే. ఏటి ఒడ్డున ఒండ్రు నేలలో మిరప వేద్దామన్నది ఆమె. ఆ మిరప డబ్బుతోనే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. పొలం పాసుపుస్తకంలో మాత్రం మామ పేరే ఉండేది. వెనక ఈ ఫ్లెక్సీ మీద ఆమె పేరు పెద్దగా వేయించారు కదా, ఆమె బతికుండగా ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సిన మాట చెబుతాను. కోడళ్లూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి, ఇది మీకోసం కూడా.

1981. శ్రీశైలం డ్యాం కోసం మన ఊళ్లు ఖాళీ చేయించిన ఏడాది. నెహ్రూ గారు పునాదిరాయి వేసింది 1963లో. పద్దెనిమిదేళ్లు ఊళ్లో ఒకటే మాట, వచ్చినప్పుడు చూద్దాంలే అని. వచ్చినప్పుడు బుల్డోజర్లే వచ్చాయి. అటు మహబూబ్‌నగర్ వైపు, ఇటు మన వైపు కలిపి వంద దాకా ఊళ్లు. దూలాలు, దంతెలు, ద్వారబంధాలు పీక్కుని బండ్లకెత్తాం. పిల్లలు కోళ్లను పట్టుకోలేక ఏడుస్తున్నారు. ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పనవసరం లేదు, మీరందరూ ఆ దుమ్ము మింగినవాళ్లే.

కృష్ణ నీళ్లు తాగి పెరిగిన మనిషి, కొత్త కాలనీలో బోరింగు దగ్గర బిందె పట్టుకుని వరుసలో నిలబడింది. ఆ పూట ఆమె ముఖం చూడలేకపోయాను.

నష్టపరిహారం వచ్చింది. రేకుల షెడ్డు ముందు మామ తువ్వాలు పరిచి నోట్లు నాలుగు కుప్పలు పెట్టాడు. నలుగురు కొడుకులు చుట్టూ కూర్చున్నారు. అత్త గడప దగ్గర చేటలో జొన్నలు పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. ఆమె పక్కనే మా పెద్ద వదిన, ఆ ఇంటికి తొలిచూలు బిడ్డ. అప్పటికి రెండేళ్ల ముందు భర్త పోతే ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది. అత్త తల ఎత్తకుండా అంది: "నాలుగే కుప్పలా? నేను కన్నింది తొమ్మిది మందిని."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మామ, "ఆడపిల్లలకు పెళ్లప్పుడే పెట్టేసినాం కదా" అన్నాడు.

"పెద్దదానికి పెట్టింది ఏడుందో చూపియ్యి" అంది ఆమె. "తక్కిన నలుగురూ అడగరు, నాకు తెలుసు. దీనికి ఒక ఎకరా పెట్టండి. నేను బతికుండగా పెట్టండి."

చూద్దాం అన్నారు. ఆ రాత్రి ఆమె పొయ్యి ముట్టించలేదు. నేను ఆ ఇంటికి వచ్చాక పొయ్యి వెలగని రోజు అదొక్కటే. పిల్లలకు బొరుగులు పెట్టి పడుకోబెట్టాం.

నేను తలుపు వెనకే నిలబడి ఉన్నాను. అంతా విన్నాను. "అత్త చెప్పింది న్యాయమే" అని ఒక్క మాట అనలేకపోయాను. మా ఆయన వాటా డబ్బుతో నాకు ఒక గొలుసు వచ్చింది. ఇదిగో, మెడలో ఉన్నది అదే. ఇన్నేళ్లు వేసుకున్నాను.

తర్వాత చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పుట్టుకతోనే ఆస్తిలో హక్కు అని ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి లెక్క. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకు అది లేదు. మా వదినకు అప్పటికి పెళ్లీ అయింది, మొగుడూ పోయాడు. 2005లో పెళ్లయిన ఆడపిల్లలకు కూడా హక్కు ఇస్తూ ఢిల్లీ చట్టం మారింది, కానీ మా ఇంట్లో అప్పటికే పంపకాలు రిజిస్టర్ అయిపోయాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలన్న 98 జీవో 1986లో వస్తే మా ఇంటి నుంచి ఎవరి పేరు పెట్టాలని మాట్లాడుకున్నాం. వదిన పేరు ఎవరి నోటా రాలేదు. ఆమె పదో తరగతి పాసై ఉంది.

అత్త మాత్రం ఆ మాట వదల్లేదు. ఒక వేసవిలో శ్రీశైలం నీళ్లు బాగా దిగి సంగమేశ్వరం గుడి బయటపడిందని తెలిసి, జీపులో అందరం పోయాం. ఆమె దేవుడికి దండం పెట్టుకుని, పగుళ్లిచ్చిన ఒండ్రు మీద కర్ర పట్టుకుని మన ఊరి దిక్కు నడిచింది. వీధి లేదు, గోడ లేదు. ఎలా పట్టిందో, సగం పూడిపోయిన రోలు దగ్గర ఆగింది. అది మన ఇంటి రోలే. "ఎనిమిది మంది ఈడనే పుట్టినారు" అంది. తర్వాత వదిన వైపు చూసి, "ఇదొక్కటి నా పుట్టింట్లో పుట్టింది. దానికని దీనికి ఈడ చోటు లేకుండా పోయిందేమో" అంది. మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీద పడ్డప్పుడు ఆమె పాతబస్తీలో రెండో మరిది ఇంట్లో ఉంది. మిద్దె మీద కూర్చుంది. కింద బీరువాలో దస్తావేజులు తడిసిపోతున్నాయని మరిది గాభరా పడుతుంటే, "తడవనీ. దాని పేరు లేని కాగితాలే కదా" అందట. ఆ మాట మా తోడికోడలు నిన్న రాత్రి చెప్పింది. నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడున్న ముంపు ఊళ్ల వాళ్లను ఒకటి అడుగుతాను. మీ ఇంటికి పోయి పెట్టె తీయండి. మీ అమ్మ పేరు, మీ అక్క పేరు ఏ కాగితంలో ఉందో చూడండి. రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడైనా ఉందా?

నాకు టైం అయిపోయిందని చిన్న మరిది చెయ్యి చూపిస్తున్నాడు. ఇంకొక్క నిమిషం, నాయనా. నలభై ఏళ్లు పైన ఆగాను.

నేనూ మా ఆయనా మాట్లాడుకున్నాం. నందికొట్కూరు పొలంలో మా వాటా నుంచి ఒక ఎకరా, కాలువ పక్కది, రాళ్లది కాదు, వదిన పేరు మీద రాసిస్తున్నాం. పిల్లలు ఒప్పుకున్నారు. దస్తావేజు తయారైంది. మరుదులను నేను నిలదీయడం లేదు, వాళ్లు ఏం చేస్తారో వాళ్ల ఇష్టం. అత్త అడిగింది మాత్రం అందరూ విన్నారు.

వదినా, నువ్వు ఏడవొద్దు. సోమవారం పది గంటలకు రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెచ్చుకో. పొద్దున్నే బయల్దేరాలి, ఏమీ తినకుండా రావొద్దు.