ఆవిలా అడోబీ: పచ్చి ఇటుకల ఇల్లు

అక్క: నమస్కారం. ఈసారి మాట్లాడబోయేది లాస్ ఏంజిలిస్‌లోని ఓ మట్టి ఇంటి గురించి. ఒల్వేరా స్ట్రీట్‌లో ఉన్న ఆవిలా అడోబీ, 1818లో కట్టింది. ఆ నగరంలో ఇంకా నిలిచి ఉన్న ఇళ్లలో ఇదే అన్నిటికన్నా పాతది. అక్కడే ఉంటున్న మా తమ్ముడు నన్ను తీసుకెళ్లి చూపించాడు.

తమ్ముడు: చూపిద్దామంటే నువ్వు గుమ్మంలోనే ఆగిపోయావు.

అక్క: ఆ గోడ మందం చూసి! రెండున్నర, మూడు అడుగులు ఉంటుంది. అనంతపురం దగ్గర మన అవ్వ మిద్దె గుర్తొచ్చింది. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉండేది కదా.

తమ్ముడు: అడోబీ అంటే మన పచ్చి ఇటుకే అక్కా. మట్టిలో గడ్డి కలిపి, తొక్కి, చెక్క అచ్చులో పెట్టి ఎండబెడతారు. కాల్చరు. పగటి వేడి అంత మందం గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది.

అక్క: మరి వానకు? మన ఊళ్లో వానలు మొదలయ్యే ముందు మిద్దె మీద చౌడు పోసి చదును చేస్తారు. లేకపోతే కారి గోడలు నానిపోతాయి.

తమ్ముడు: ఇక్కడ తారు వాడారు. లా బ్రేయా తారు గుంటలు ఉన్నాయి కదా, మామత్ అనే పాతకాలపు పెద్ద ఏనుగుల ఎముకలు దొరికిన చోటు. అక్కడి నుంచి తారు తెచ్చి, రాళ్లు, గుర్రపు వెంట్రుకలు కలిపి కప్పు మీద పూశారు. అప్పట్లో ఇదీ మిద్దెలాగే చదునైన కప్పు.

అక్క: ఎంత తెలివి! చౌడైనా తారైనా, ఎక్కడివాళ్లు అక్కడ దొరికేదాంతోనే వానను ఆపారు. నేల కూడా మొదట గట్టిగా దిమ్మిస చేసిన మట్టేనట. రోజుకు చాలాసార్లు ఊడ్చేవాళ్లట. అవ్వ అయితే పేడతో అలికేది.

తమ్ముడు: కట్టించిన ఫ్రాన్సిస్కో ఆవిలాకు పశువుల మందలు చాలా ఉండేవి. 1810లో ఊరికి అల్కాల్దే, అంటే మేయర్ లాంటి పదవిలో ఉన్నాడు. 1832లో చనిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఉన్నది ఆయన భార్య ఎన్కార్నసియోన్.

అక్క: అప్పట్లో ఈ ఊరు మెక్సికోది కదా. యుద్ధంలో 1847 జనవరిలో అమెరికా సైన్యం వచ్చినప్పటి కథ చెప్పు.

తమ్ముడు: ఆమె బంధువుల ఇంటికి వెళ్తూ ఒక పిల్లవాణ్ణి కాపలా పెట్టిందట. సైనికుల బ్యాండు వినిపించగానే వాడు తలుపు తెరిచే ఉంచి చూడటానికి పరిగెత్తాడట. అమెరికా నౌకాదళ అధికారి కమొడోర్ స్టాక్టన్ ఆ ఇంటినే కొన్నాళ్లు తన స్థావరం చేసుకున్నాడు. వాళ్లు అక్కడ దిగడం మాత్రం చరిత్రలో ఉంది.

అక్క: తర్వాత వారసులు వెళ్లిపోయారు, ఇల్లు అద్దె గదులైంది, పాడుబడింది. 1920లలో నగరం వాళ్లు పనికిరాదని తేల్చి కూల్చబోయారు. ఆ వీధిని కాపాడాలని పూనుకున్న క్రిస్టీన్ స్టెర్లింగ్ అనే ఆవిడ అడ్డుపడింది. పేపర్లలో రాయించింది, చందాలు పోగుచేసింది. వీధి బాగుచేయడానికి పోలీసులు ఖైదీలను పంపారు. 1930లో ఒల్వేరా స్ట్రీట్‌ను మెక్సికన్ బజారుగా తెరిచారు. ఆవిడ ఆ వీధిని కొంచెం తిరునాళ్లలా అలంకరించిందని నాకు అనిపించింది. కానీ ఆవిడ లేకపోతే ఇల్లే లేదు. చివరికి తనే ఆ ఇంట్లో ఉంది.

తమ్ముడు: 1971 భూకంపంలో మళ్లీ దెబ్బతింది. మట్టి గోడ బరువును బాగా మోస్తుంది కానీ పక్కకు ఊపితే చీలుతుంది. కొన్నేళ్లు బాగుచేసి, 1840ల నాటి ఇల్లులా సామాన్లు అమర్చి తెరిచారు. మొదట్లో ఈ ఇల్లు ఎల్ అక్షరం ఆకారంలో ఇప్పటికన్నా చాలా పొడుగ్గా ఉండేది. వీధి వైపు వచ్చిన భాగం ఇప్పుడు లేదు.

అక్క: అది చూసి వచ్చినప్పటి నుంచి నాకు అవ్వ మిద్దె గురించి టెన్షన్‌గా ఉంది. తాళం వేసి మూడేళ్లయింది. చౌడు ఎవరూ పోయలేదు.

తమ్ముడు: చౌడు కన్నా ముందు దూలాలు చూపించు అక్కా. చెదలు పట్టి ఉంటే ఆ బరువుకు ఆగవు.

అక్క: వేసవిలో వెళ్తాను. నువ్వూ సెలవు పెట్టు.