అన్నిటికన్నా పెద్ద నీటి విమానం

శ్రోతలకు నమస్కారం.

2024 నవంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోంచి ఒక విమానం లేచి శ్రీశైలం వెళ్లింది. మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 65 అడుగులు. ఇప్పుడు నేను చెప్పబోయే నీటి విమానాల్లో ఒకదాని రెక్కలు 320 అడుగులు!

కృష్ణలో దిగినది కాళ్ల కింద తగిలించిన, పడవల్లాంటి రెండు ఫ్లోట్ల మీద తేలుతుంది. పెద్ద విమానాలకు అది కుదరదు. వాటికి పొట్టే పడవ. అందుకే ఫ్లయింగ్ బోట్లు అన్నారు. అంత బరువు ఆపగల రన్‌వేలు ఆ రోజుల్లో ఎక్కడున్నాయి? సరస్సులూ, రేవులూ ఉన్నాయి, కాబట్టి నీళ్లనే వాడుకున్నారు.

మరి అన్నిటికన్నా పెద్దది ఏది? ఎవరైనా ఈ మాట అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. దేనిలో పెద్దది?

రెక్కల్లో అయితే అమెరికాలో హోవర్డ్ హ్యూస్ కట్టిన హెచ్-4. ఆ 320 అడుగులు దీనివే. ఎనిమిది ఇంజన్లు. యుద్ధకాలంలో అల్యూమినియం దొరకక చాలావరకు కర్రతోనే, అదీ ఎక్కువగా బర్చ్ అనే చెట్టు కర్రతో కట్టారు. 1947 నవంబరు 2న లాంగ్ బీచ్ రేవులో హ్యూస్ స్వయంగా నడిపాడు. నీటి మీద 70 అడుగుల ఎత్తున, సుమారు ఒక మైలు దూరం. అంతే. మళ్లీ ఎగరలేదు.

1929 నాటికి జనాన్ని మోయడంలో పెద్దది అంటారా? అక్కడికే వస్తున్నాను. నాకు అన్నిటిలోకీ ఇష్టమైనది అదే.

దాని పేరు డోర్నియర్ డో ఎక్స్. జర్మన్ ఇంజనీరు క్లాడ్ డోర్నియర్ దాన్ని కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున, స్విట్జర్లాండ్ వైపు ఉన్న ఆల్టెన్‌రైన్‌లో కట్టించాడు. రెక్క మీద పన్నెండు ఇంజన్లు, జంటలు జంటలుగా. ఒకటి ముందుకు లాగుతుంది, దాని వెనకది నెడుతుంది. ఇంజన్ల జోరు పెంచాలన్నా తగ్గించాలన్నా పైలట్ వెనక గదిలోని ఇంజనీరుకు చెప్పాలి, ఓడలో కెప్టెన్ చెప్పినట్టు. విమానం గాలిలో ఉండగానే మెకానిక్ రెక్క లోపలి నుంచి ఇంజన్ల దాకా వెళ్లగలిగేవాడు.

1929 అక్టోబరు 21. ప్రయాణికులు 150 మంది. అందులో ఎక్కువమంది దాన్ని తయారుచేసిన కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు. సిబ్బంది 10 మంది. ఇంకో తొమ్మిది మంది ఎవరికీ చెప్పకుండా ఎక్కేశారు! మొత్తం 169 మంది. నూట అరవై తొమ్మిది మంది, 1929లో! నీటిని వదలడానికి 50 సెకన్లు పట్టింది. గోదావరి లాంచీలో సరంగు 'అందరూ ఒక పక్కకే రాకండి' అని కేకలేస్తాడు కదా, ఇక్కడ మలుపు తిరగడానికి సాయంగా ఉంటుందని అందరినీ ఒక పక్కకే జరగమన్నారు. అలా 40 నిమిషాలు ఎగిరి మళ్లీ ఆ సరస్సులోనే దిగారు. తమ చేతులతో రివెట్లు కొట్టిన విమానంలో, పిల్లాపాపలతో కూర్చుని, కింద తమ ఊరు చూసుకుంటూ తిరిగిన ఆ కార్మికులను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత కష్టాలు మొదలయ్యాయి. వెనక ఇంజన్లు వేడెక్కిపోయేవి. ఇంజన్లన్నీ మార్చి, 1930 నవంబరులో న్యూయార్క్ బయల్దేరదీశారు. లిస్బన్‌లో రెక్కకు నిప్పంటుకుంది. కెనరీ దీవుల దగ్గర పడవ భాగం దెబ్బతింది. న్యూయార్క్ చేరేసరికి 1931 ఆగస్టు 27! దాదాపు పది నెలలు. చివరికి బెర్లిన్ మ్యూజియంలో ఉండగా రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు నాశనమైంది.

బ్రిటన్ వాళ్ల ప్రిన్సెస్ 1952లో ఎగిరింది, పది ఇంజన్లతో. అప్పటికి ఊరూరా కాంక్రీటు రన్‌వేలు వచ్చేశాయి, దాన్ని కొనేవాళ్లే లేకపోయారు.

పని చేయడంలో పెద్దది ఏది? నా ఓటు మార్టిన్ మార్స్ అనే విమానానికి. రెక్కలు 200 అడుగులు. కెనడాలో దశాబ్దాల పాటు సరస్సు మీద వేగంగా జారుతూ వేల లీటర్ల నీళ్లు నింపుకుని, మండే అడవుల మీద కుమ్మరించింది. ఒక్క విడతకు దాదాపు 27 వేల లీటర్లు. ఇప్పుడు చైనా వాళ్ల ఏజీ-600 అదే పనికి వచ్చింది. అది 20 సెకన్లలో 12 టన్నుల నీళ్లు ఎత్తుకుంటుంది.

ఇక ఒక్క మాట, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు. ఆ కర్ర విమానం, హెచ్-4, ఒరెగన్ రాష్ట్రం మెక్‌మిన్‌విల్‌లోని మ్యూజియంలో చెక్కుచెదరకుండా ఉంది. పోర్ట్‌లాండ్ నుంచి కారులో గంట, గంటన్నర. అక్కడికి తీసుకెళ్లమని పిల్లలను అడగండి. కనీసం సగం రోజు చేతిలో ఉంచుకోండి. కాక్‌పిట్ చూపించే టూరు ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సెలవు.