వాణిజ్య నౌకపై తుపాకీ: ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు జవాబు చెప్పాలి?

(తెరపై: ఏడెన్ సింధుశాఖ పటం, సోమాలియా తీరం)

2009 ఏప్రిల్ 8న సోమాలియా తీరానికి దూరంగా వెళుతున్న మార్స్క్ అలబామా అనే అమెరికా నౌకపైకి నలుగురు సముద్రపు దొంగలు ఎక్కి, కెప్టెన్‌ను బందీగా పట్టుకుపోయారు. ఆ రోజు నావికుల దగ్గర తుపాకులు లేవు. అదే ఏడాది నవంబరు 18న అదే నౌకపై మళ్లీ దాడి జరిగింది. ఈసారి నౌకలో ఉన్న ప్రైవేటు సాయుధ కాపలాదారులు ఎదురుకాల్పులు జరపడంతో దొంగలు వెనుదిరిగారు. సైనికులు కాని మనుషులు నడిసముద్రంలో ఆయుధం పట్టడం సబబేనా అన్న వాదన ఆ తర్వాతి రెండు మూడేళ్లలో నౌకాయాన రంగాన్ని పట్టి కుదిపింది.

(తెరపై: నిండు సరుకుతో నీటిలోకి బాగా దిగి నడుస్తున్న నౌక, వెనుక నుంచి వస్తున్న చిన్న పడవ)

వాదనలోకి వెళ్లే ముందు దాడి ఎలా జరుగుతుందో చూడాలి. సరుకు నిండిన పెద్ద నౌక 12 నుంచి 15 నాట్ల వేగంతో నడుస్తుంది (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). దొంగలు వాడే స్కిఫ్ అనే చిన్న మోటారు పడవ 20 నాట్లకు మించి దూసుకువస్తుంది. దానిని గమనించిన క్షణం నుంచి కొక్కెం నిచ్చెన నౌక అంచుకు తగిలే దాకా చాలాసార్లు అరగంట కూడా పట్టదు, సాయానికి రావలసిన యుద్ధనౌక మాత్రం కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉండవచ్చు. ఈ వ్యవధిని పూడ్చడానికే ముళ్ల తీగ కంచెలు, నీటి ఫిరంగులు, సిబ్బంది లోపలి నుంచి తాళం వేసుకుని దాక్కునే సిటాడెల్ గది, వాటన్నిటి తర్వాత సాయుధ కాపలా వచ్చాయి.

అంతర్జాతీయ సముద్రయాన బ్యూరో లెక్కల ప్రకారం సోమాలీ దొంగల దాడులు 2011లో 237 ఉండగా 2012లో 75కు తగ్గాయి. ఈ తగ్గుదలకు నౌకాదళాల గస్తీ, నౌకల ముందుజాగ్రత్తలు కూడా కారణమే కాబట్టి ఘనత అంతా తుపాకీదే అనడం న్యాయం కాదు. అయినా ఆ సంవత్సరాల్లో సాయుధ కాపలా ఉన్న నౌక ఏదీ వారి చేతికి చిక్కలేదన్న మాటను తేలిగ్గా తీసివేయలేము.

(తెరపై: డెక్ అంచున నిలబడిన కాపలాదారు)

మంచి కాపలాదారు చేసే మొదటి పని కాల్చడం కాదు. పడవ దగ్గరవుతున్నప్పుడు అతడు రైఫిల్‌ను తల పైకెత్తి అడ్డంగా పట్టుకుని, ఈ నౌకలో ఆయుధాలున్నాయని దూరం నుంచే కనబడేలా నిలబడతాడు. హెచ్చరికలు, నీటిలోకి కాల్పులు ఆ తర్వాతే. ప్రాణాపాయం తప్పదని తేలినప్పుడే మనిషిపై గురిపెట్టాలి. ఈ క్రమం ఎందుకంత ముఖ్యమో జాలర్లను అడిగితే తెలుస్తుంది: తమ వలల మీదుగా నౌక వెళ్లకుండా మళ్లించడానికి వారు కూడా వేగంగా ఎదురు వస్తారు, అది దూరం నుంచి దాడిలాగే కనిపిస్తుంది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ నుంచి జరిగిన కాల్పుల్లో ఇద్దరు భారతీయ జాలర్లు చనిపోయారు. కాల్చింది ప్రైవేటు కాపలాదారులు కాదు, ఇటలీ నౌకాదళ సైనికులు. శిక్షణ పొందిన సైనికుల చేతిలోనే ఇంత ఘోరం జరిగిందంటే, కంపెనీ జీతగాళ్ల విషయంలో నియమాలు మరింత కఠినంగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కేసు 2021లో 10 కోట్ల రూపాయల పరిహారంతో మన సుప్రీంకోర్టులో ముగిసేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి.

చట్టం కాపలాదారును కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. బహిరంగ సముద్రంలో జెండా దేశం, అంటే నౌక నమోదైన దేశం, అనుమతితో ఉన్న తుపాకీయే మరో దేశపు జలాల్లో అక్రమ ఆయుధం అవుతుంది. ఆ చిక్కు తప్పించుకోవడానికి ఆయుధాలను తేలే గిడ్డంగుల వంటి నౌకల్లో దాచే పద్ధతి వచ్చింది. అటువంటి సీమన్ గార్డ్ ఒహాయో నౌకను 2013 అక్టోబరులో తూత్తుకుడికి తరలించి, అందులోని 35 మందిని అరెస్టు చేశారు. 2016లో శిక్ష పడిన వారికి 2017లో మద్రాసు హైకోర్టులో విముక్తి దొరికింది.

(తెరపై: ఎర్ర సముద్రం)

ఉగ్రవాద దాడి విషయానికి వస్తే లెక్క మారిపోతుంది. సముద్రపు దొంగకు నౌక చెడకుండా, తాను బతికి ఉండగా చేజిక్కాలి. అందుకే తుపాకీ కనబడగానే బేరం గిట్టదని వెనక్కి వెళతాడు. పేలుడు పదార్థాలు నింపుకుని వచ్చే పడవకు ఆ లెక్క లేదు. 2002 అక్టోబరు 6న యెమెన్ దగ్గర లింబర్గ్ అనే ఫ్రెంచి ట్యాంకర్‌ను అటువంటి పడవే ఢీకొట్టింది. 2025 జులై 6న ఎర్ర సముద్రంలో మ్యాజిక్ సీస్ నౌకపై చిన్న పడవలు దాడి చేసినప్పుడు కాపలాదారులు ఎదురుకాల్పులు జరిపారు. అయినా మనిషి లేకుండా నడిచే పడవలు ఢీకొట్టడంతో సిబ్బంది నౌకను వదిలివేయవలసి వచ్చింది. 22 మంది ప్రాణాలతో బయటపడ్డారు, నౌక మునిగిపోయింది. రైఫిల్‌తో ఆపలేని ముప్పుకు రైఫిల్‌నే మందుగా చూపడం నావికులను మోసగించడమే అవుతుంది.

వంటవాడికీ ఇంజిన్ గదిలో పనిచేసేవాడికీ తుపాకీ ఇచ్చి, మీ నౌకను మీరే కాపాడుకోండి అనడం కూడా నాకు సమ్మతం కాదు. వారు నౌకను నడపడానికి వచ్చారు. కాపలాకు వేరే మనుషులు, వేరే శిక్షణ కావాలి, ఆ బృందం కెప్టెన్ ఆధీనంలో ఉండాలి. నౌక ఎక్కేటప్పుడు ఎన్ని తూటాలు తెచ్చారో, దిగేటప్పుడు ఎన్ని మిగిలాయో రాసి ఉండాలి. మధ్యలో కాల్చిన ప్రతి తూటా పక్కన సమయం, స్థానం, ఎదురుగా కనిపించిన పడవ వివరం ఉండి, ఆ నివేదిక జెండా దేశానికి చేరాలి.